కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు

ప్రశ్న: మాది కోనసీమ. కాటన్ దొర మీద అభిమానంతో మా అన్నయ్య కొడుకు పేరులో 'కాటన్' అని చేర్చాలని ఇంట్లో అనుకుంటున్నారు. నెట్‌లో వెతికితే ఆ ఇంటిపేరుకు ఒకచోట 'పత్తి వ్యాపారం చేసేవాళ్లు' అని, ఇంకోచోట 'గుడిసె' అని కనిపించింది. ఏది నిజం? ఇంగ్లండులో కాటన్లంతా ఒకే వంశమా? ఆ పేరు ఇప్పుడు ఎక్కడెక్కడ వాడుకలో ఉంది? 'కాటన్ వంశ చిహ్నం' ఉన్న చెక్క ఫలకం ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, నామకరణానికి తెప్పిద్దామంటున్నారు. కొనొచ్చా?

జవాబు: ముందు ఫలకం సంగతి తేల్చేస్తాను. కొనకండి. ఎందుకో కింద వస్తుంది. ఇక అర్థం మాటకొస్తే, మీరు చూసిన రెండోదే నిజానికి దగ్గర. కాటన్ అనే ఇంటిపేరుకు పత్తితో చుట్టరికం లేదు. అది ఊరి పేరు. ఆ ఊరి పేరులో ఉన్నది గుడిసెలు. అయితే 'గుడిసె' అని ఒక్క ముక్కలో చెప్పేస్తే అసలు సంగతి జారిపోతుంది. అందుకని కాస్త తీరిగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను పుట్టింది గోదావరి ఒడ్డునే అయినా, ఉద్యోగం మాత్రం ఇంగ్లండులో ఒక కౌంటీ రికార్డుల ఆఫీసులో. ఇరవై ఏళ్ల పైచిలుకు చేశాను. పాత చర్చి రిజిస్టర్లు, భూమి దస్తావేజులు, వీలునామాలు చూసుకోవడానికి వచ్చేవాళ్లకు కట్టలు తీసివ్వడం, ఆ గొలుసుకట్టు రాత వాళ్లకు కొరుకుడు పడకపోతే పక్కన కూర్చుని చదివిపెట్టడం నా పని. తమ ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని వచ్చేవాళ్లే ఎక్కువ. ఒకసారి కాటన్ ఇంటిపేరున్న పెద్దాయన ఒకరు వచ్చారు. తాతముత్తాతలు మాంచెస్టర్లో బట్టల మిల్లుల యజమానులని వాళ్లింట్లో చెప్పుకునేవారట. మూడు రోజులు ఇద్దరం కూర్చున్నాం. ఆరు తరాలు వెనక్కి వెళ్లినా అందరూ పొలం కూలీలే, మిల్లు ఊసే లేదు. ఆయన మొదట కాస్త చిన్నబుచ్చుకున్నారు. పేరుకు అసలు అర్థం చెప్పాక నవ్వేసి, "అయితే పేరుకు తగ్గట్టే బతికాం" అన్నారు.

ఆ అర్థం ఏమిటంటే, వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో 'కొట్' అంటే గుడిసె, పూరిల్లు. ఇప్పటి 'కాటేజ్' అన్న మాట ఆ వేరు నుంచి వచ్చిందే. ఆ రోజుల్లో ఇంగ్లీషుకు కూడా సంస్కృతంలాగా విభక్తులు ఉండేవి. 'గుడిసెల దగ్గర' అని చెప్పాలంటే బహువచనంలో చతుర్థి విభక్తి తగిలించి 'కొటుమ్' అనేవారు. నలుగురు కూలీలు నాలుగు గుడిసెలు వేసుకుంటే చుట్టుపక్కలవాళ్లు ఆ చోటును 'గుడిసెల దగ్గర' అనడం మొదలుపెట్టారు. అదే ఊరి పేరైపోయింది. చివరి 'ఉమ్' నాలుక మీద నలిగి 'ఉన్' అయింది, తర్వాత 'అన్' అయింది. కొటుమ్ పోయి కోటన్, కాటన్ మిగిలాయి. విభక్తుల వ్యవస్థ ఇంగ్లీషులోంచి ఎప్పుడో ఊడిపోయినా, ఈ పేరులో మాత్రం ఒక ముక్క అలాగే అంటుకుని ఉండిపోయింది.

మనకిది కొత్తేం కాదు, ఆలోచించండి. కందుకూరు ఊరి పేరు, కందుకూరి ఇంటిపేరు. వేటూరు ఊరు, వేటూరి ఇంటిపేరు. ఆ చివరి 'రి' ఏమిటి? మన వ్యాకరణం ఔపవిభక్తికం అంటుంది. 'ఊరు' కాస్తా 'ఊరి' కావడం, అంటే 'ఆ ఊరికి చెందిన' అని. మన ఇంటిపేరులో షష్ఠి దాక్కున్నట్టే వాళ్ల ఇంటిపేరులో చతుర్థి దాక్కుంది. ఇంకో పోలిక కూడా ఉంది. వీరేశలింగం గారి పూర్వీకులు కందుకూరు వదిలి రాజమండ్రి వచ్చారు కాబట్టే కందుకూరి వారయ్యారు. కందుకూరులోనే ఉండిపోయి ఉంటే ఆ పేరుకు పనేముంది? అక్కడ అందరూ కందుకూరు వాళ్లే కదా. ఇంగ్లండులోనూ సరిగ్గా అంతే. కోటన్ అనే పల్లె నుంచి బతుకుతెరువుకు పక్క ఊరికో పట్నానికో వెళ్లినవాణ్ణి అక్కడివాళ్లు 'కోటన్ నుంచి వచ్చిన జాన్' అన్నారు. పాత దస్తావేజుల్లో 'జాన్ డి కోటన్' అని ఉంటుంది. ఆ 'డి' అంటే 'నుంచి'. 14వ శతాబ్దం దాటేసరికి చాలాచోట్ల ఆ 'డి' రాలిపోయి, తండ్రి పేరే కొడుక్కూ రావడం స్థిరపడింది. కాబట్టి ఊరి నుంచి వచ్చిన ఏ ఇంటిపేరైనా మొదట చెప్పేది, 'వీళ్లెవరో ఆ ఊరు విడిచి వచ్చారు' అని. ఇన్నేళ్ల పనిలో నేను పదేపదే చూసింది ఇదే. జనం మాత్రం దీన్ని తలకిందులు చేసి 'ఆ ఊరు మాదే' అనుకుంటారు.

దీనికి మినహాయింపు దొరలు. ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండును గెలిచాక భూస్వాములు తమ ఎస్టేటు పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నారు. వాళ్లు ఊరు విడవకుండానే ఊరి పేరు తగిలించుకున్నారు. అందువల్ల కాటన్ అన్న పేరు ఒక పక్క జమీందార్లకూ, ఇంకో పక్క కూలీలకూ ఉంటుంది. రెండూ ఒకే ఊరి నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. 1086లో విలియం రాజు రాయించిన డోమ్స్‌డే భూమి లెక్కల్లో 'కొటారీ' అని ఒక తరగతి కనిపిస్తుంది. గుడిసె, దాని చుట్టూ కాస్త నేల తప్ప ఇంకేమీ లేనివాళ్లు. దొర పొలంలో పని చేసి బతకాలి. కోటన్ అనే పల్లెలు మొదట్లో అలాంటివాళ్లవే అయి ఉండాలి. అటువంటి పల్లె పేరు పెట్టుకున్న కుటుంబం తర్వాత వైకౌంట్ అనే ప్రభువుల బిరుదు దాకా ఎదిగింది. ఆ కథ దగ్గరికి వస్తాను.

ఒకే వంశమా అన్నారు. కానే కాదు. ఎందుకంటే కోటన్ ఒక ఊరు కాదు. కేంబ్రిడ్జికి పడమటి పక్కనే ఒక కోటన్ ఉంది. నార్తాంప్టన్‌షైర్‌లో ఒకటి, వార్విక్‌షైర్‌లో న్యూనీటన్‌ను ఆనుకుని ఇంకొకటి, ష్రాప్‌షైర్‌లో ఒకటి, స్టాఫర్డ్‌షైర్‌లో 'కాటన్' అనే స్పెల్లింగుతోనే ఒకటి. డెర్బీషైర్‌లో 'కోటన్ ఇన్ ద ఎల్మ్స్' అని ఉంది. బ్రిటన్ మొత్తంలో సముద్రానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న చోటు ఆ ఊరి పక్క పొలమే. దూరమంటే మనకు నవ్వొస్తుంది, అక్కణ్ణుంచి అతి దగ్గరి సముద్రతీరానికి దాదాపు 113 కిలోమీటర్లు, అంతే. ఉత్తరానికి వెళ్తే అదే మాట 'కోటమ్', 'కాటమ్' అయి, అక్కడి వాళ్లకు కాటమ్ అనే ఇంటిపేరు ఇచ్చింది. విభక్తి లేకుండా ఉత్త బహువచనం మిగిలినచోట కోట్స్ అనే ఇంటిపేరు వచ్చింది. ఇక సఫోక్‌లోని కాటన్ అనే ఊరు ఉంది చూశారూ, అది ఈ గుంపులోది కాదు. కొడ్డా అనే మనిషి పొలం అన్న అర్థంలో వచ్చిన పేరు అలా అరిగి అరిగి అదే రూపానికి చేరింది. అంటే కాటన్ ఇంటిపేరున్న కొందరికి గుడిసెలు కూడా లేవు! ఇన్ని ఊళ్ల నుంచి వేర్వేరుగా పుట్టిన పేరు కాబట్టి, ఇద్దరు కాటన్లు ఎదురుపడితే వాళ్లు చుట్టాలు కావడం కన్నా కాకపోవడానికే ఎక్కువ వీలుంది.

మరి పత్తి ఎక్కడిది? బట్టల 'కాటన్' అరబ్బీలోని 'ఖుత్న్' నుంచి, స్పెయిన్, ఫ్రాన్సుల మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన మాట. అది వచ్చేనాటికే ఊళ్లు పేర్లు పెట్టుకుని కూర్చున్నాయి. రెండు మాటలూ ఎక్కడెక్కణ్ణుంచో నడిచొచ్చి ఒకే స్పెల్లింగులో ఢీకొన్నాయి. ఇంకో తమాషా, ఇంగ్లీషులో మంచానికి వాడే 'కాట్' ఈ గుడిసె 'కాట్' కాదు. అది మన దేశంలో తెల్లవాళ్లు నేర్చుకున్న హిందీ 'ఖాట్'. ఆ ఖాట్‌కు మూలమైన సంస్కృత 'ఖట్వ', తమిళ 'కట్టిల్' లాంటి ద్రావిడ మాట నుంచే వచ్చిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. అలాగే 'కొట్', మన 'కొట్టం' ఒకటేనా అని నన్ను తెలుగువాళ్లు అడుగుతూ ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ పోలిక పైపైనే. అలా చెవికి తగిలిన ప్రతిదాన్నీ ముడిపెట్టుకుంటూ పోతే ప్రపంచంలో అన్ని మాటలూ మనవే అవుతాయి.

ఇప్పుడు ఫలకం. పత్తి అపోహ ఇంత గట్టిగా నిలబడడానికి ఆ కాటన్ దొర చుట్టాల చిహ్నమే ఒక కారణం. చెషైర్‌లోని కంబర్‌మియర్ కాటన్ల కుటుంబ చిహ్నం చూడండి. నీలి డాలు, మధ్యలో ఇంటి కప్పు వాలులాంటి గీత, దాని చుట్టూ మూడు నూలు చిలపలు. చిలప అంటే చేనేతవాళ్లకు చెప్పనక్కర్లేదు, చుట్టి ముడేసిన నూలు. మరి పత్తికి సంబంధం లేకపోతే నూలు ఎందుకొచ్చింది? అక్కడి చిహ్నాలు గీసేవాళ్లకు శ్లేష అంటే చెడ్డ సరదా. పేరు చెవికి ఎలా వినిపిస్తే అలా బొమ్మ వేసేసేవాళ్లు. మన అవధానాల్లో శ్లేష మాటతో ఉంటుంది, వాళ్లది బొమ్మతో. కాలం గడిచాక శ్లేష సంగతి మరిచిపోయి, బొమ్మ చూసి అర్థం రాసుకున్నారు. మీరు చూసిన మొదటి వెబ్‌సైటు ఆ బాపతే అయి ఉంటుంది.

రెండోది, ఇంగ్లండులో చిహ్నం ఇంటిపేరుకు ఇవ్వరు. ఒక మనిషికి ఇస్తారు, ఆయన తర్వాత ఆయన సంతతికి హక్కు వస్తుంది. 1484 నుంచి లండన్లో కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ ఆ పని చూస్తోంది. 'కాటన్ వంశ చిహ్నం' అంటూ ఒకటి ఉండదు. ఫలానా కాటన్ గారి చిహ్నం ఉంటుంది. దాన్ని ఇంకో కాటన్ పెట్టుకున్నా అది ఆయనది కాదు, మీ కోనసీమ బాబుదీ కాదు. ఆ ఫలకం డబ్బులతో బాబును ధవళేశ్వరం మ్యూజియానికి తీసుకెళ్లండి, అందరికీ కాజాలు కూడా వస్తాయి.

ఇక మన కాటన్ దొర. ఆర్థర్ కాటన్ పుట్టింది 1803 మే 15న. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. వీళ్లది పైన చెప్పిన కంబర్‌మియర్ కుటుంబమే. వంశవృక్షాల పుస్తకాలు దీన్ని ష్రాప్‌షైర్ కోటన్‌తో ముడిపెడతాయి. ఎనిమిదో హెన్రీ రాజు మఠాలన్నిటినీ మూయించి భూములు పంచినప్పుడు, 1539లో కంబర్‌మియర్ మఠం జార్జ్ కాటన్ చేతికి వచ్చింది. అక్కణ్ణుంచి ఆ ఇంటి దశ తిరిగింది. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాని స్టేపుల్టన్ కాటన్ ఈ ఇంటివాడే, వైకౌంట్ కంబర్‌మియర్ అయ్యాడు. ఆర్థర్ కాటన్‌కు పెదనాన్న వైపు చుట్టరికం. ఒకాయన కోట కూల్చిన ఇరవయ్యారేళ్లకు, 1852లో, ఇంకొకాయన ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టడం పూర్తి చేశాడు. అంతకుముందే కావేరి మీద చేయి తిరిగిన మనిషి. 1861లో సర్ బిరుదు వచ్చింది. 1899లో పోయాడు.

మన దేశంలో కాటన్ పేరు వినిపించేచోట అన్నీ ఈయనవి కావు, అక్కడే జనం పొరబడతారు. సిమ్లా, బెంగళూరులలో ఉన్న బిషప్ కాటన్ బళ్లు కలకత్తా బిషప్‌గా పనిచేసిన జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్ పేరిట వచ్చాయి. ఆయన చెషైర్ కాటన్ల వైపువాడే. 1866లో కుష్టియా దగ్గర పడవ ఎక్కబోతూ పలక మీద కాలు జారి నదిలో పడి పోయాడు. ఒక కాటన్‌కు నది లొంగింది, ఇంకో కాటన్‌ను మింగింది అనిపిస్తుంది నాకు. గౌహతిలో 1901లో మొదలైన కాటన్ కాలేజీ, ఇప్పటి కాటన్ యూనివర్సిటీ, అస్సాం చీఫ్ కమిషనర్ హెన్రీ కాటన్ పేరు మీద ఉంది. ఈయన పుట్టింది తమిళనాడు కుంభకోణంలో. 1904లో భారత జాతీయ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు. ఈయన ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు జోసెఫ్ కాటన్ సంతతి, మన కాటన్ దొర ఇల్లు కాదు. ఇక బెంగళూరులో కాటన్‌పేట ఉంది, అక్కడ ఏ దొరా లేడు. కన్నడంలో అరళెపేటె, అరళె అంటే పత్తి. అక్కడ మాత్రం కాటన్ అంటే నిజంగానే పత్తి! అందుకే అంటాను, ఒక పేరు కనబడగానే అర్థం చెప్పేయకూడదు. ఆ చోటుకు వెళ్లి, అక్కడివాళ్లు దాన్ని ఇంకే పేరుతో పిలుస్తారో ముందు అడగాలి.

ఇంగ్లండులో ఈ ఇంటిపేరును రోజూ పలికేది బహుశా లైబ్రరీవాళ్లే. సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) అని ఒకాయన, మఠాలు మూతపడ్డాక చెల్లాచెదురైన రాతప్రతులను ఏరి దాచాడు. ఆయన బీరువాల మీద రోమన్ చక్రవర్తుల తలల బొమ్మలు ఉండేవి. ఏ బొమ్మ కింద ఏ అర, అందులో ఎన్నో పుస్తకం అన్న లెక్కనే నంబర్లు. ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఆ లెక్కే నడుస్తోంది. ఇంగ్లీషులో మిగిలిన పాత వీరకావ్యం బేవుల్ఫ్‌కు ఉన్నది ఒకే ఒక్క ప్రతి, దాని నంబరు కాటన్ విటేలియస్ ఏ 15. 1731లో ఆ పుస్తకాలున్న ఇంటికి నిప్పంటుకుంది. బేవుల్ఫ్ అంచులు కాలి బయటపడింది. రాజు అధికారానికి హద్దులు గీసిన మాగ్నా కార్టా పత్రానికి 1215 నాటి ప్రతులు నాలుగే మిగిలాయి, అందులో రెండు ఈయన దాచినవే. మా వృత్తిలో వాళ్లకు ఈయన ఇంటిదేవుడి లాంటివాడు. కాటన్ అంటే మా ఆఫీసులో మొదట గుర్తొచ్చేది ఈయనే, ఆనకట్ట నేను చెబితే తప్ప అక్కడ ఎవరికీ తెలియదు.

అట్లాంటిక్ దాటాక ఈ పేరు ఇంకో పని మొదలుపెట్టింది, ఇది మీ ప్రశ్నకు సూటిగా తగిలే సంగతి. 1633లో జాన్ కాటన్ అనే మతబోధకుడు ఇంగ్లండు వదిలి అమెరికాలో బోస్టన్ చేరాడు. ఆయన కూతురు మేథర్ల ఇంటి కోడలైంది. 1663లో ఆమెకు కొడుకు పుడితే తాత ఇంటిపేరునే పిల్లాడికి పేరుగా పెట్టారు. కాటన్ మేథర్. 1721లో బోస్టన్‌ను మశూచి పట్టుకున్నప్పుడు, తన ఇంట్లో బానిసగా ఉన్న ఒనేసిమస్ అనే ఆఫ్రికా మనిషి చెప్పిన పద్ధతి విని, మశూచి రసి ఎక్కించమని పట్టుబట్టినవాడు ఈయనే. మంత్రగత్తెల విచారణలకు వత్తాసు పలికినవాడూ ఈయనే, అదీ చెప్పాలి. కాటన్‌ను పుట్టినపేరుగా పెట్టుకోవడం మీతో మొదలు కాలేదని చెప్పడానికి ఈ కథంతా.

అమెరికాలోనే ఈ పేరుకు ఇంకో ముఖం ఉంది. తరాల తరబడి బానిసలుగా ఉన్న నల్లజాతి కుటుంబాలు చాలావాటికి యజమానుల ఇంగ్లీషు ఇంటిపేర్లే మిగిలాయి. జేమ్స్ కాటన్ అని బ్లూస్ సంగీతంలో మౌతార్గాన్ వాయించడంలో పేరుపడ్డ కళాకారుడు, 1935లో మిసిసిపీలో పత్తి పొలాల మధ్య పుట్టాడు. ఇంటిపేరు ఇంగ్లండు గుడిసెలది, పని పత్తి చేలో. ఆ రెండు కాటన్లు ఒకే మనిషి నెత్తిన ఎలా కలిశాయో నిఘంటువు చెప్పదు, చరిత్ర చెబుతుంది. నన్నడిగితే ఇంటిపేర్ల పుస్తకాల్లో లోటు అక్కడే. మాట పుట్టుక చెప్పి ఊరుకుంటాయి, అది ఎవరి చేతి నుంచి ఎవరి మెడకు చేరిందో చెప్పవు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మనవాళ్లలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లను కాటన్ ఎవరని అడిగితే ఆనకట్ట కన్నా ముందు 'కాటన్ అండ్ విల్కిన్సన్' అంటారు. ఆ ఇనార్గానిక్ పుస్తకం రాసిన ఆల్బర్ట్ కాటన్ (1930–2007) అమెరికా శాస్త్రవేత్త. విల్కిన్సన్‌కు 1973లో నోబెల్ వచ్చింది, ఈయనకు రాలేదు. ఫిజిక్సువాళ్లు చెప్పే 'కాటన్ ఎఫెక్ట్' ఫ్రెంచి శాస్త్రవేత్త ఎమే కాటన్‌ది, అది ఫ్రెంచి ఇంటిపేరు, దాని దారి వేరు. హెన్రీ కాటన్ అని మూడుసార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచిన గోల్ఫ్ ఆటగాడున్నాడు. ఆయన పేరుతో ఇటలీలో బట్టల బ్రాండు ఉంది. ఆ చొక్కా కాలరు లోపల ఒక 'కాటన్' కంపెనీ పేరు, దాని కిందే ఇంకో 'కాటన్' అది ఏ గుడ్డో చెప్పడానికి. రెంటికీ సంబంధం లేదని ఇప్పుడు మీకు తెలుసు.

ఈ 'కొట్' కుటుంబంలో మీకు ముందే తెలిసిన పేర్లు ఇంకా ఉన్నాయి. ప్రెస్కాట్ అంటే పూజారుల గుడిసె. వాల్కాట్ అంటే వేల్స్‌వాళ్ల, అంటే ఇంగ్లీషువాళ్లకు ముందు అక్కడున్నవాళ్ల గుడిసెలు. వెస్టిండీస్ క్రికెట్‌లో ముగ్గురు 'డబ్ల్యూ'ల్లో ఒకడైన క్లైడ్ వాల్కాట్ ఇంటిపేరు అది. గుర్రప్పందాల ఆస్కాట్ తూర్పు గుడిసె. ఇక బాయ్‌కాట్. బోయా అనే వాడి గుడిసె అన్న అర్థంతో బకింగ్‌హామ్‌షైర్‌లో ఒకటి, ష్రాప్‌షైర్‌లో ఒకటి ఊళ్లున్నాయి. 1880లో ఐర్లండులో కౌలు రైతులు చార్లెస్ బాయ్‌కాట్ అనే ఎస్టేటు ఏజెంటుకు పనికి పోవడం, సరుకు అమ్మడం, ఆఖరికి ఉత్తరాలు అందించడం కూడా మానేశారు. ఆ ఏడాదే ఆయన ఇంటిపేరు క్రియాపదమైపోయింది. మన ఊళ్లో సంఘంవాళ్లు 'ఎన్నికలు బాయ్‌కాట్ చేస్తున్నాం' అని గోడ మీద రాస్తే, అందులో ఒక పాత ఇంగ్లీషు గుడిసె ఉంది. ఇంకో సంగతి, ఆ ఏజెంటు పుట్టినప్పుడు వాళ్ల ఇంటిపేరు 'బాయ్‌క్యాట్'. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు కుటుంబం స్పెల్లింగు మార్చుకుంది. అది మార్చకపోయి ఉంటే ఆ గోడ మీద బాయ్‌క్యాట్ అని ఉండేదేమో.

బాబు పేరు సంగతి. నా మాటకు విలువిస్తే, పెట్టండి, తప్పేం లేదు. ఇంగ్లీషు ఊరి పేర్లు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నాయి. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో వెస్లీ ఎంతమంది! పడమటి పచ్చికబయలు అని దాని అర్థం. స్టాన్లీ అంటే రాళ్ల బయలు. ఊరి పేరు ఇంటిపేరై, ఆ ఇంటిపేరు మతబోధకుడి వల్లో ఇంకొకరి వల్లో పుట్టినపేరై ఇక్కడికొచ్చింది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. జనన ధ్రువపత్రం దగ్గర నుంచే కాటన్‌ను పుట్టినపేరు గడిలో రాయించండి. ఇంటిపేరు గడిలో మీ ఇంటిపేరే ఉండాలి. రేపు పాసుపోర్టులో కాటన్ ఇంటిపేరుగా పడితే తండ్రి ఇంటిపేరు ఒకటి, కొడుకుది ఒకటి అయి, వీసా కౌంటర్ దగ్గర నిలబడి పదేళ్ల తర్వాత అఫిడవిట్లు రాయించుకోవాలి. ఆ టెన్షన్ ఎందుకు. బళ్లో పిల్లలు 'పత్తి' అని ఏడిపిస్తారేమో, దానికి జవాబు ఇప్పుడు మీ దగ్గర ఉంది.

మీలో ఎవరికైనా నిజంగా కాటన్ ఇంటిపేరున్న ఆంగ్లో ఇండియన్ పూర్వీకులుంటే, నిఘంటువుతో మొదలుపెట్టకండి. తెలిసిన ఆఖరి మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి నడవండి. మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల రిజిస్టర్ల నకళ్లు లండన్లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఇంగ్లండులో ప్రభుత్వ నమోదు 1837లో మొదలైంది, చర్చి రిజిస్టర్లు 1538 నుంచి. 1881 జనాభా లెక్కల్లో ఆ ఇంటిపేరు ఏ కౌంటీలో గుంపుగా ఉందో చూస్తే, ఏ కోటన్ వైపు వెళ్లాలో కొంత దారి కనబడుతుంది. దారే, గమ్యం కాదు. ఒక ఊళ్లో వెయ్యేళ్లు కదలకుండా ఉన్న కుటుంబం నాకైతే ఇంతవరకు తగల్లేదు.

చివరగా ఒక్కటి. దీన్ని ఇంగ్లండులో నా తోటి ఉద్యోగులకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, వాళ్లు మొదట నమ్మరు. మన గోదావరి జిల్లాల్లో స్నానం చేసి సంకల్పం చెప్పుకునే పండితులు కాటన్ దొరను తలుచుకునే శ్లోకం ఒకటుంది, మీరూ వినే ఉంటారు. నిత్యం గోదావరి స్నాన పుణ్యం ఇచ్చిన ఆ ఆంగ్లేయుణ్ణి, 'కాటనుం తం భగీరథం', స్మరిస్తున్నాను అని. అందులో 'కాటనుం' చూడండి. ఊరి పేరుగా ఉన్నప్పుడు 'కొటుమ్'. వందల ఏళ్లలో ఆ చివరి 'ఉమ్' అరిగిపోయి కాటన్ అయింది. మన ఒడ్డుకు వచ్చి కాటను అయింది. శ్లోకం కట్టిన పండితుడెవరో దానికి ద్వితీయా విభక్తి తగిలించాడు. ఇంగ్లండులో పోగొట్టుకున్న 'ఉమ్' ధవళేశ్వరంలో మళ్లీ వచ్చి చేరింది.